తల్లిగాడిద జవాబు

మంగళవారం పొద్దున హాల్బర్ట్ ఆ సీను మూడోసారి వేయించాడు. ఈసారి మధ్యలో చెయ్యెత్తి, "అక్కడ ఆపండి," అన్నాడు. తెర మీద తల్లిగాడిద ఆగిపోయింది. కనుబొమలు రెండూ పైకి లేచి ఉన్నాయి, మూతి ముందుకు సాగి ఉంది.

"ఈవిడ గాలిని ముద్దుపెట్టుకుంటోందా?" అని అడిగాడు.

గదిలో నవ్వులు లేచాయి. ముందు వరసలో కూర్చున్నది రుఫీనా కాబట్టి ఆమె నవ్వే ముందు వినిపించింది. ఆ నవ్వు హాల్బర్ట్‌కి హుషారిచ్చింది. లేచి నిలబడి, కనుబొమలెగరేసి, పెదాలు సున్నాలా చుట్టి గోడకేసి సాగదీశాడు. నవ్వు ఇంకాస్త పెరిగింది. హాల్బర్ట్ చెడ్డవాడేమీ కాడు. సినిమా తీయిస్తున్న కంపెనీ అతన్ని మనీలాకి పంపి నెల కూడా కాలేదు. ఉక్కకి చొక్కా వీపుకి అంటుకుపోతున్నా ఇంతవరకూ ఒక్కరిని విసుక్కోలేదు. అతను నవ్వించాడు, వీళ్ళు నవ్వారు.

సిసో మాత్రం నవ్వలేదు. ఆ గాడిదని గీసింది అతనే.

పిమ్ అనే గాడిదపిల్ల కథ వినకుండా పెరిగిన పిల్లలు హాల్బర్ట్ వాళ్ళ చలిదేశాల్లో ఉండరట. సంతలో అమ్ముడైపోయిన తల్లిని వెతుక్కుంటూ పిమ్ కొండ దాటి వెళ్ళడం అందులో కథ. ఎప్పుడో దాన్ని బొమ్మల సినిమాగా తీస్తే తరాల తరబడి ఆడింది. ఇప్పుడు దానికి రెండో భాగం తీస్తున్నారు. కథ వాళ్ళది, గీత వీళ్ళది. ఇందులో పిమ్ పెద్దవాడై, తల్లితో పోట్లాడి ఇల్లొదిలి పోయాడు. ఏళ్ళ తర్వాత మంచులో తడిసి వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడి, 'అమ్మా, లోపలికి రానా?' అంటాడు. తల్లికి మాటల్లేవు. స్క్రిప్టులో ఉన్నది ఇంతే: తల్లి ఔనంటుంది, వాడికి చోటు చూపిస్తుంది.

సిసో గీసిన తల్లి గడ్డి నమలడం ఆపింది. కొడుకుని కాసేపు చూసింది. కనుబొమలు ఒక్కసారి ఎత్తి దించింది. పెదాలతో మూలనున్న గడ్డికుప్పని చూపించి మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. మనీలాని ఆనుకున్న ఈ కెజోన్ సిటీలో ఏ వంటింట్లోనైనా, చెప్పకుండా పోయి తిరిగొచ్చిన కొడుక్కి ఏ తల్లయినా ఇచ్చే జవాబు అదే. తిట్టదు, ఏడవదు, చేతిలో పని కూడా వదలదు. కనుబొమలతో ఔనంటుంది, అన్నం గిన్నె ఎక్కడుందో పెదాలతో చూపిస్తుంది. ఇందులో వింత ఏముందో ఆ అంతస్తులో ఒక్కరికీ తట్టలేదు.

రెండు వారాల కిందట దానికి పెన్సిల్ టెస్ట్ వేశారు. అంటే రంగులూ గింగులూ లేకుండా, ఉత్త గీతల్నే కెమెరా కింద పెట్టి ఆడించి చూశారు. ఆ రోజు రుఫీనా జేబురుమాలుతో కళ్ళొత్తుకుంది. "దీన్ని ఎవరూ ముట్టుకోకండి. ఇలాగే పోవాలి," అంది. సీన్లన్నీ చూసి, తప్పులు పట్టి, బాగున్నవాటిని దాటించే చెకర్ ఆమె. ఆమె సరేనంటే సీను ఓడరేవు దాటినట్టే. ఆమె అలా అనడం చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు.

"నవ్వు సంగతి సరే," హాల్బర్ట్ కుర్చీలో కూర్చున్నాడు. "మా వాళ్ళు దీన్ని మొత్తం మళ్ళీ గీయమంటున్నారు. తల్లి ఉలిక్కిపడిందో, వెక్కిరిస్తోందో తెలియడం లేదట. చెకర్ చూడలేదా దీన్ని?"

మెత్తగానే అడిగాడు. కానీ రుఫీనాకి చెంపలు వేడెక్కాయి. ఇప్పుడే అందరితో కలిసి పగలబడి నవ్విన సీనుని, మొన్న కళ్ళు తుడుచుకుని మరీ తనే పంపానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

"చూశాను సర్," అంది. "మార్చమని చెప్పాను. మార్చేసి ఉంటాడనుకున్నాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పృథివి దాకా పోనక్కర్లేదు. వెనక వరస దాకా పోతే చాలు, పోయింది.

హాల్బర్ట్ వెనక్కి తిరిగాడు. "సిసో, నీకు చెప్పారా?"

సిసో రుఫీనా జడముడి వంక చూశాడు. ఆమె తల తిప్పలేదు. అతను కనుబొమలెత్తి దించాడు.

గదిలో అందరికీ జవాబు అందింది. అడిగినవాడికి అందలేదు. "నిన్నే అడుగుతున్నాను. చెప్పారా, లేదా?"

"చెప్పారు సర్. నాదే పొరపాటు."

చూరు మీద వాన ఉన్నట్టుండి జోరందుకుంది.

మొత్తం సీను వెనక్కి వస్తే, గీసిన యానిమేటర్ ఆ సినిమా అయ్యేదాకా మధ్యబొమ్మల వరసకి వెళ్ళాలి. అది స్టూడియో పద్ధతి, హాల్బర్ట్ పెట్టింది కాదు. కదలికలో ముఖ్యమైన బొమ్మలు యానిమేటర్ గీస్తాడు. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ వచ్చే బొమ్మల్ని ఈ వరసలోవాళ్ళు నింపుతారు. సిసో ఏళ్ళ తరబడి అవే నింపాడు. మొన్న వేసవిలో యానిమేటరై కిటికీ పక్క బల్ల దొరికినప్పుడు, అతని భార్య లోర్నా పెద్ద పళ్ళెం నిండా కొబ్బరిపాల పిండివంట చేసి అంతస్తంతా పంచింది. ఇప్పుడామెకి ఏడో నెల. ఈ సినిమా అయ్యాక యానిమేటర్లని ఉంచుకుంటారనీ, మధ్యబొమ్మల వరసకి మాత్రం పని దొరికితేనే పిలుపనీ అందరికీ తెలుసు.

మధ్యాహ్నం సిసో బల్ల ఖాళీ చేశాడు. పెన్సిళ్ళు కట్టగట్టి రబ్బరుబ్యాండు వేశాడు. చెయ్యి కింద పరుచుకునే పాత గుడ్డముక్క మడిచాడు. అందరు యానిమేటర్లలాగే అతనూ బల్ల మీద ఒక చిన్న అద్దం పెట్టుకునేవాడు. బొమ్మకి మొహం గీసేముందు ఆ మొహం తను పెట్టి చూసుకోవడానికది. దాన్ని చొక్కాకి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. రుఫీనా తన గాజుగదిలోంచి ఇదంతా చూస్తూ, చేతిలో ఉన్న వేరే సీను కాగితాలని వేళ్ళ మధ్య టపటపా ఆడిస్తూ కూర్చుంది. ఏ కాగితమూ కంటికి ఆనలేదు.

ఆ సిసో పెళ్ళిలో చర్చి బలిపీఠం ముందు తల్లి వరసలో పక్కన నిలబడిన జ్ఞానమాత ఆమె. అందుకే అందరూ అక్కా అంటే అతను 'నినాంగ్' అంటాడు. పోతూ పోతూ గాజు తలుపు దగ్గర ఆగాడు.

"నినాంగ్, కిటికీ దగ్గర పైనుంచి కురుస్తోంది. కాగితాలుంటే తీయించండి."

"సరే," అంది రుఫీనా. ఇంకేమైనా అంటాడేమోనని ఒళ్ళు బిగబట్టుకుంది. అతను సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ గీసే పని హాల్బర్ట్ ఆమెకే అప్పగించాడు. "మీకు అర్థమైంది కదా ఏం కావాలో," అన్నాడు. అర్థం కాకేం. తల ఊపాలి. ఔనంటే తల కిందికీ పైకీ ఊపడం.

మర్నాడు పొద్దున్నుంచీ ఆమె గాడిద తల ఊపించడానికి కూర్చుంది. లైటుబల్ల మీద సిసో బొమ్మ కింద పెట్టి, పైన తెల్లకాగితం పరిచి, దీపం వేసింది. కాగితం లోంచి అతని గీత కనిపించింది. ఎక్కడా రెండోసారి దిద్దుకున్న గీత కాదు. తల్లి కంటి కింద ముడత ఒక్కటే లాగు, దానితోనే ముసలితనం వచ్చేసింది. ఆ ముడత అలాగే ఉంచుకుని మెడ కిందికి వంచింది రుఫీనా. ఆడించి చూస్తే గాడిద గడ్డి అందుకోబోతున్నట్టుంది. మెడ తక్కువ వంచింది. జోగుతున్నట్టుంది. రెండుసార్లు ఊపించింది. ఈగని తోలుతున్నట్టుంది.

డ్రాయరులోంచి తన అద్దం తీసి ఎదురుగా పెట్టుకుంది. కొడుకు గుమ్మంలో ఉన్నాడనుకుంది. లోపలికి రానా అన్నాడనుకుంది. అద్దంలో ఆమె కనుబొమలు వాటంతటవే లేచాయి. అద్దం బోర్లా పెట్టేసింది.

అప్పుడే పురీత వచ్చింది. మధ్యబొమ్మల వరసలో సిసో పక్కనే ఆమె కుర్చీ. నోరు మూతపడని మనిషి. అరటిపండుని పలచటి పిండిరేకులో చుట్టి పంచదార పాకంలో వేయించిన తురోన్‌లు రెండు కాగితంలో పెట్టి బల్ల మీద పెట్టింది.

"వేడిగా ఉన్నప్పుడే తినండక్కా. పాకం గట్టిపడితే పళ్ళూడతాయి, తర్వాత నన్నంటారు."

"పురీతా, మొన్న పెన్సిల్ టెస్ట్ వేసిన రోజు నువ్వక్కడే ఉన్నావు కదూ."

"ఏ రోజక్కా? నేను సగం రోజులు నిద్రలోనే ఉంటానని మీరే కదా తిట్టేది."

"నేనేమన్నానో విన్నావు."

"మా వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, తెలుసా. పొద్దున చెప్పులు చేత్తో పట్టుకుని జీప్నీ ఎక్కితే డ్రైవరేమన్నాడంటే, ఏంటీ, ఇవాళ చేపలు కూడా పనికి పోతున్నాయా అన్నాడు. మంచినీళ్ళు తెచ్చిపెట్టనా?"

"పురీతా."

"ఎల్లుండి నా పుట్టినరోజక్కా. పాన్సిట్ తెస్తున్నా, గిన్నెడు. మీరు తినకపోతే ఊరుకోను." అని వెళ్ళిపోయింది.

అప్పటికి గాని రుఫీనాకి తెలిసిరాలేదు. అబద్ధం తన ఒక్కదాని దగ్గరే ఉందనీ, ఎప్పుడు బయటపడుతుందో అనీ రాత్రంతా నిద్ర లేకుండా దొర్లింది. అది బయటపడేదేమిటి, పుట్టడమే పదిమంది మధ్య పుట్టింది. 'దీన్ని ఎవరూ ముట్టుకోకండి' అని తను అనగా విన్న చెవులే, 'మార్చమని చెప్పాను' అనగా కూడా విన్నాయి. అయినా పొద్దున గుమ్మంలో కాపలావాడి దగ్గర్నుంచి అందరూ ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించారు. ఎవరో ఆమె గొడుగు విప్పి ఆరబెట్టారు. ఎదుటిమనిషి మొహం మాడే మాట నలుగురిలో అనకూడదని ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాట నిజమైతే అసలే అనకూడదు. తేలు కుట్టిన దొంగ అరవలేడు, సరే. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అతనికి నొప్పెడుతుందని కిక్కురుమనకుండా కూర్చుంటే అతనెక్కడ దాక్కోవాలి? మొహం మీద ఒక్కరు ఉమ్మేసినా ఇంతకంటే హాయిగా ఉండేదనిపించింది. తురోన్ నోట్లో పెట్టుకుంది. పాకం పళ్ళకి అతుక్కుంది.

సాయంత్రానికి ఎలాగో ఒక తల కుదిరింది. తల్లి మెల్లగా ఒక్కసారి తల ఊపి, పక్కకి ఒక అడుగు వేసి చోటిస్తుంది. తప్పు పట్టడానికేమీ లేదు. కళ్ళొత్తుకోవడానికీ ఏమీ లేదు. ఆ కాగితాలు మధ్యబొమ్మల వరసకి పంపింది. ఎవరి చేతిలో పడాలో వాళ్ళ చేతిలోనే పడ్డాయి. మిగతావాళ్ళందరికీ చేతినిండా పని ఉందట.

గురువారం మధ్యాహ్నం సిసో ఆ కట్ట తెచ్చాడు. గాజుగదిలో నిలబడి, ఎడమచేతి వేళ్ళ మధ్య కాగితాలు ఇరికించి ఆడించి చూపించాడు. ఆమె గీసిన రెండు తలల నడుమ అతని తలలు ఒక్కటి కూడా వణక్కుండా వరసగా దిగాయి. తల వంగేటప్పుడు చెవులు కాస్త ఆలస్యంగా వెనకే రావాలని ఆమె మర్చిపోయింది. అతను మర్చిపోలేదు.

"ఈ చెవి నేను కొంచెం లాగాను నినాంగ్. మీకు వద్దనిపిస్తే తుడిచేస్తాను."

"వద్దు. బాగుంది." కట్ట అందుకుంది. "సిసో, లోర్నాకి చెప్పావా?"

"బల్ల సంగతా? చెప్పాను. కిటికీ దగ్గర కురుస్తోందట కదా, పోనీలే అంది."

నవ్వాడు. ఆమెని నవ్వించడానికి నవ్వాడు. అతను వెళ్ళాక రుఫీనా ఆ కట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ముందే అనుకోవాల్సింది. తొక్కేసింది. ఇప్పుడు కడుక్కోవడమే మిగిలింది. అందరి ముందే తొక్కింది కాబట్టి అందరి ముందే కడుక్కుంటానని ఆ కుర్చీలోనే తీర్మానించుకుంది. చెప్పేస్తే సిసో బల్ల సిసోకి వస్తుంది. తన గాజుగది పోతుందేమో, పోనీ.

శుక్రవారం అందరూ మళ్ళీ ఆ గదిలో చేరారు. కొత్త సీను వేశారు. తెర మీద తల్లి తల ఊపింది, పక్కకి జరిగింది. పిమ్ లోపలికి వచ్చాడు.

"ఇదీ," అన్నాడు హాల్బర్ట్ సంతోషంగా. "ఇప్పుడు చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. చెవులు చూశారా ఎంత బాగా కదిలాయో. రుఫీనా, చాలా బాగుంది."

రుఫీనా లేచింది. కుర్చీ వీపు పట్టుకుంది. గురువారం సాయంత్రం నుంచీ అనుకుంటున్న మాటలే కాబట్టి తడబడలేదు.

"సర్, మొన్న నేను అబద్ధం చెప్పాను. సిసోని మార్చమని నేను చెప్పలేదు. ఆ సీను నాకు నచ్చింది, ముట్టుకోవద్దని చెప్పి నేనే పంపాను. తప్పు నాది. అతని బల్ల అతనికి ఇచ్చేయండి."

అందరూ నేలచూపులు చూశారు. ఒకడు తన చెప్పుని మరమ్మతుకి వచ్చినట్టు పరీక్షగా చూసుకున్నాడు. హాల్బర్ట్ సిసో వైపు తిరిగాడు.

"నిజమేనా?"

సిసో లేచి నిలబడ్డాడు. ఈసారి కనుబొమలతో కాదు, నోటితోనే చెప్పాడు. "కాదు సర్. ఆవిడ మా పెళ్ళికి జ్ఞానమాత. మా ఆవిడ నిండు నెలల్లోకి వస్తోంది. జాలిపడి నా తప్పు తన మీద వేసుకుంటున్నారు."

"సిసో," అంది రుఫీనా.

"నాకు చెప్పారు సర్. నేనే మార్చలేదు."

"రుఫీనక్క మొదట్నుంచీ అంతే సర్," వెనకనుంచి పురీత అందుకుంది. "మేం కాగితం మీద కాఫీ ఒలికించినా నేనే ఒలికించానంటుంది." ఔనౌనని రెండు మూడు గొంతులు కలిశాయి. ఆమెని ఆ నిలబడ్డ చోటునుంచి తప్పించి, ఎలాగోలా కూర్చోబెట్టాలని గదంతా తలో చెయ్యీ వేసింది.

"కాదు సర్, వీళ్ళు నా మొహం చూసి అలా అంటున్నారు. నేను నిజంగానే..."

ఎంత కాదంటే అంత మంచిదానిలా కనపడింది. హాల్బర్ట్ కళ్ళు చెమర్చాయి. లేచొచ్చి ఆమె చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "నేను చాలాచోట్ల పనిచేశాను. కిందివాళ్ళ కోసం ఇలా నిలబడ్డ మనిషిని చూడలేదు," అన్నాడు. "కానీ పద్ధతి పద్ధతే కదా. సిసో కూడా ఒప్పుకుంటున్నాడు. వచ్చే సినిమాకి మీ మాట తప్పకుండా గుర్తుంచుకుంటాను."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరు కొడితే అందరూ కొట్టారు. రుఫీనా కూర్చుంది. అది కూడా వినయంలా కనపడి ఉంటుంది.

గదిలోంచి అందరూ పాన్సిట్ గిన్నె దగ్గరికి పోయారు. పుట్టినరోజున సేమ్యాలు తింటే ఆయుష్షు సాగుతుంది కాబట్టి ఎవరూ వద్దనరు. రుఫీనా తెర ముందే ఉండిపోయింది. కాసేపటికి సిసో పళ్ళెంతో వచ్చాడు. సేమ్యాల మీద నిమ్మచెక్క పిండి, ఉడికించిన గుడ్డుముక్క ఒకటి పక్కన పెట్టి తెచ్చాడు. ఆమె ఒళ్ళో పెట్టి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఎందుకలా అన్నావు?" అంది.

"మరి ఔననమంటారా? ఇంతమందిలో మా నినాంగ్ అబద్ధాలకోరని నా నోటితో చెప్పమంటారా?"

"నీ బల్ల వచ్చేది."

"వచ్చేది."

"నన్ను తిట్టు సిసో. ఒక్కసారి తిట్టెయ్యి."

సిసో ఖాళీ తెర వంక చూస్తూ ఉన్నాడు. "అబద్ధం సంగతి నేను పట్టించుకోలేదు నినాంగ్. భయమేసింది, అనేశారు. మీ చోట ఉంటే నేనూ అనేవాణ్ణేమో. ఆ రాత్రే లోర్నాతో కూడా అదే చెప్పాను."

"మరి?"

"అంతకుముందు మీరు నవ్వారు."

రుఫీనా పళ్ళెంలోంచి తలెత్తింది.

"ఆ గాడిద మా అమ్మ," అన్నాడు. గొంతు పెంచలేదు. "మీకు తెలుసు. మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి అన్నం తిన్నారు. ఇంకాస్త పెట్టుకోనా అని మీరడిగితే అలాగే ఔనంది, అలాగే గిన్నె చూపించింది. ఆయన గాలిని ముద్దుపెట్టుకుంటోందా అన్నప్పుడు, మా దగ్గర ఔనంటే ఇదే సర్ అని మీరొక్క ముక్క చెప్తే సరిపోయేది. నా కోసం కాదు. ఆయన తెలీక నవ్వాడు. మీరు తెలిసి నవ్వారు."

మంగళవారం నుంచీ ఆమె మోసుకు తిరిగిన తప్పుల్లో ఆ నవ్వు లేదు. ఇందాక అందరి ముందూ చెప్పుకున్నదాంట్లోనూ లేదు. ఆ సీను చూసి ఏడ్చింది నిజం. దొరగారు వేళాకోళం చెయ్యగానే, ఏడ్చినందుకు సిగ్గేసి, అందరికంటే ముందు నవ్వింది కూడా నిజమే. ఆ అబద్ధం దాని వెనకాల వచ్చింది.

"నవ్వాను," అంది.

సిసో ఆమె ఒళ్ళో జారుతున్న పళ్ళేన్ని సరిగ్గా పెట్టాడు.

"చల్లారితే ఉండకట్టేస్తాయి, తినండి," అన్నాడు. అన్నాడే గాని లేవలేదు. ఆమె ముద్ద తర్వాత ముద్ద మింగుతూ పళ్ళెం ఖాళీ చేసేదాకా పక్కనే కూర్చుని, తర్వాత ఆ పళ్ళెం తీసుకుని కడగడానికి వెళ్ళాడు.